ఎడమ కంటి కుబుసం

పాములకు ఇల్లు కట్టడం మనుషులకు కట్టడం కన్నా కష్టమని భేకుముజీ మ్ఖీజేకి ముప్పై ఎనిమిదో ఏట తెలిసొచ్చింది. మనిషికైతే నాలుగు గోడలు లేపి పైన రేకులు వేస్తే చాలు, మిగతాది ఆ మనిషే సర్దుకుంటాడు. పాము సర్దుకోదు. దాని పెట్టెలో ఒక చివర వెచ్చగా ఉండాలి, రెండో చివర చల్లగా ఉండాలి. వెచ్చని వైపు దాక్కోవడానికి ఒక గూడు, చల్లని వైపు ఇంకొకటి. ఒక్కటే పెట్టి ఊరుకుంటే, చలికి ఓర్చుకోవాలా బెదురుకి ఓర్చుకోవాలా అని పాపం దానికి ఎటూ పాలుపోదు. నీళ్ళ గిన్నె బరువుగా ఉండాలి, లేకపోతే తిరగేస్తుంది. మూతకు రెండు వైపులా కొక్కేలు ఉండాలి, తల పట్టిన సందులోంచి ఒళ్ళంతా లాక్కుని పోతుంది కాబట్టి.

ఈ జ్ఞానమంతా ఇల్సా పెట్టిందే. పీటర్‌మారిట్జ్‌బర్గ్ శివారులో ఉన్న చిన్న జంతువుల పార్కులో పాముల గది ఆవిడ చేతికింద ఉండేది. ఆ గది గుమ్మం దగ్గర భేకు ఆరేళ్ళు కాపలా కాశాడు. మే నెలలో పార్కువాళ్ళు ఆ గది మూసేసి, అతన్ని గేటు దగ్గరికి మార్చారు. కొండచిలువలు, నాగులు, మాంబాలు లారీ ఎక్కి వేరే ఊళ్ళకు పోయాయి. చివరికి రెండు గోధుమరంగు ఇంటిపాములు మిగిలాయి, ఒకటి మగది, ఒకటి ఆడది. విషం లేదు, వింత లేదు, పెరట్లో ఎలుకల వెంట తిరిగే రకం. వాటిని ఎవరడుగుతారు? భేకు అడిగాడు.

ఇల్సా అతన్ని ఎగాదిగా చూసింది. "ఆరేళ్ళు అద్దానికి ఇవతల నిలబడ్డావు. ఒక్కసారైనా చేత్తో పట్టుకున్నావా?"

"లేదు మేడమ్."

"మరిప్పుడెందుకు పుట్టింది ఈ బుద్ధి?"

భేకు దగ్గర జవాబు ఉంది, కానీ అది పైకి చెప్పుకునేది కాదు. తండ్రి పోయిన దగ్గర్నుంచి, మధ్యాహ్నం రొట్టె తినే వేళ అతను ఆ మగపాము పెట్టె ముందే కూర్చునేవాడు. అది మెల్లగా వచ్చి అద్దానికి మూతి ఆనించి ఊరుకునేది. ఏమీ అడిగేది కాదు. తల్లి ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్న రోజుల్లో, ఏమీ అడగని ముఖం ఒకటి దొరకడం అతనికి పెద్ద ఊరట.

"సరే, రాసుకో," అంది ఇల్సా. అతను డ్యూటీ పుస్తకం వెనక పేజీ తిప్పి రాసుకున్నాడు. పెట్టెలు రెండు, ఎంత స్నేహంగా కనిపించినా రెండింటినీ కలిపి పెట్టకు. హీట్ మ్యాట్ పెట్టె కింద ఉండాలి, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా వాడితే పొట్ట కాలిపోతుంది. చచ్చిన చిట్టెలుకలు డీప్ ఫ్రిజ్‌లో పెట్టుకుని, వేడినీళ్ళలో కరిగించి, వారానికొకటి. ఇవన్నీ అయ్యాక, అతను పెట్టెలు రెండు చేతులా ఎత్తుకుని గుమ్మం దాటుతుండగా ఇంకో మాట అంది. "కళ్ళు పాలరంగు తిరిగితే కుబుసం విడవబోతోందని గుర్తు. అప్పుడు తడి నాచు నింపిన డబ్బా ఒకటి లోపల పెట్టు. మన చలికాలం గాలికి తేమ ఉండదు, మరిచిపోకు." భేకు తల ఊపాడు. చేతులు ఖాళీ లేవు, పుస్తకం జేబులో ఉంది. ఆ ఒక్క మాటా రాసుకోలేదు.

పట్నం అంచున ఇంబాలిలో వాళ్ళది రెండు గదుల ఇల్లు, వెనక సామాన్లకు ఒక చిన్న కొట్టం. పెట్టెలు ముందు గదిలో, టీవీ బల్ల పక్కన కుదిరాయి. భార్య హ్లెంగివే బేకరీలో పని ముగించుకుని వచ్చి, చేతులు నడుం మీద వేసుకుని ఆ సంబరం అంతా చూసింది.

"పెళ్ళై పదకొండేళ్ళయింది. కిటికీకి ఒక తెర తెమ్మంటే ఇంతవరకూ తేలేదు. పాములకు మాత్రం ఒంటికింద వెచ్చగా చాప, రెండేసి పడగ్గదులు. నేనూ కుబుసం విడవడం మొదలెడితే తెస్తావా ఏంటి?"

"అవి ఏం చెయ్యవే. నోట్లో విషం కూడా ఉండదు."

"నీ నోట్లో ఉందా? అయినా నీతో కాపరం చెయ్యడం లేదా?"

అలా అందే కానీ, నీళ్ళగిన్నెకు తన మందపాటి మట్టి మూకుడు ఆవిడే తెచ్చి ఇచ్చింది. రెండో రోజే ఆడపాము తప్పించుకుంది. మూత మీద ఒక వైపు కొక్కెం వేయడం భేకు మరిచాడు. ఇల్లంతా తలకిందులు చేసి వెతికితే, గురువారం ప్రార్థన సంఘానికి హ్లెంగివే వేసుకునే ఎర్ర జాకెట్టు చేతిలో చుట్ట చుట్టుకుని కనిపించింది. ఆ వారం ఆవిడ ప్రార్థనకు వెళ్ళలేదు, మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు. తర్వాత తనే వెళ్ళి పెద్ద కొక్కేలు కొనుక్కొచ్చి బిగించింది.

జూన్‌లో, అక్కడి చలికాలం మొదలవగానే, మగపాము కళ్ళు పాలరంగు తిరిగాయి. ముసలిదైపోయిందా అనుకుని భేకు కంగారుపడ్డాడు. వారం తర్వాత కుబుసం విడిచింది. అయితే పార్కులో చూసినట్టు మేజోడులా ఒక్క ముక్కగా రాలేదు, ఉల్లిపొట్టులా తునకలు తునకలుగా రాలింది. ఒళ్ళు నిగనిగలాడింది. కుడికన్ను నల్లగా మెరిసింది. ఎడమకన్ను మాత్రం తెల్లగానే ఉండిపోయింది. అదే తగ్గుతుందిలే అనుకున్నాడు. ఈ అదే తగ్గుతుందిలే అనుకునే జబ్బు అతనికి మొదటినుంచీ ఉంది.

జూలైలో ఇంపెండ్లే కొండల మీద మంచు పడింది. అక్కడ ఒంటరిగా ఉంటున్న తల్లి మాభెంగుకు దగ్గు పట్టుకుంది. చలి తగ్గేదాకా ఇక్కడే ఉండమని హ్లెంగివే పట్టుబట్టి పిలిచింది. శనివారం వస్తానంది ముసలావిడ. శుక్రవారం సాయంత్రం పెట్టెలు వెనక కొట్టంలోకి మార్చేద్దామని భేకు అనుకున్నాడు. పాముల్ని పెంచడమంటే తల్లికి ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. వాళ్ళ ఇళ్ళల్లో గోధుమరంగు పాము బెదరకుండా, తొందరపడకుండా లోపలికి వస్తే ఎవరూ కర్ర ఎత్తరు. పోయిన పెద్దల్లో అది ఎవరో ముందు చూస్తారు. చూడవలసినదాన్ని గాజుపెట్టెలో పెట్టి మూతకు కొక్కేలు బిగించానని ఏ నోటితో చెప్పడం?

ఆవిడ శుక్రవారమే వచ్చేసింది. అటు వచ్చే వ్యాన్ దొరికిందట. భేకు డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మాభెంగు ముందు గదిలో నేల మీద మోకాళ్ళూని ఉంది. భుజాల నిండా శాలువా కప్పుకుంది. ఎదురుగా మగపాము అద్దానికి మూతి ఆనించి, తెల్లబడ్డ ఎడమకన్ను ఆవిడ వైపు తిప్పి నిశ్చలంగా ఉంది. హ్లెంగివే వంటగది గుమ్మంలో గరిట పట్టుకుని నిలబడిపోయింది.

"ఎప్పుడొచ్చారురా ఈయన?" అంది తల్లి, తల తిప్పకుండా.

భేకుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అతనూ ఆ తెల్లకన్ను వైపు చూశాడు. తండ్రి ఎడమకన్ను తెల్లగా ఉండేది. రాళ్ళ క్వారీలో పనిచేసే రోజుల్లో రాయి పెచ్చు ఎగిరి తగిలి, ఆ కన్ను పాలగాజులా అయిపోయింది. భేకు పుట్టేనాటికే అంతే. అతనికి తెలిసిన తండ్రి ముఖం అదే.

"అత్తయ్యా, అది పార్కులో..." అని హ్లెంగివే ఏదో చెప్పబోయింది.

"మే నెలలోనమ్మా," అన్నాడు భేకు గబగబా. "తనే వచ్చింది." తల్లి తల తిప్పి చూసింది. "తనే వచ్చారు," అని దిద్దుకున్నాడు.

ఆ ఒక్క మాటతో పాము అది కాకుండా పోయింది, ఆయన అయింది. ఇంక వెనక్కి తీసుకోవడానికి లేదు.

"వచ్చినవారిని పెట్టెలో పెడతావా?"

"పిల్లులున్నాయమ్మా, ఈ వీధి నిండా. భయానికి పెట్టాను."

"మంచి పని చేశావు," అని ఆవిడ అద్దం మీద అరచెయ్యి ఆనించింది. "ఖబజేలా," అని వంశం పేరుతో పిలిచింది. మొగుణ్ణి పేరు పెట్టి ఆవిడ ఎన్నడూ పిలిచి ఎరగదు. "ఇంత దూరం నడిచొచ్చారా? నా దగ్గరికి రాకుండా కొడుకు దగ్గరికి వచ్చారా? పోనీలెండి. ఇక్కడ వెచ్చగా ఉంది."

రెండో పెట్టెలోది ఎవరని అడిగింది. ఆవిడే వంగి చూసి తేల్చేసింది. "మా అత్తగారు. ఆ మూతి విరుపు చూడు. కొడుకుని ఒంటరిగా ఎక్కడికి పంపింది గనక." అని, అత్తగారి ముందు మర్యాదగా శాలువా ఇంకాస్త ముందుకు లాక్కుంది.

ఆ సాయంత్రం హ్లెంగివే అతన్ని పెరట్లోకి లాక్కెళ్ళింది. "ఏమయ్యా, నీకు మతి ఉందా? ఆవిడ ముందు అంత అబద్ధమా?"

"ఎంత సంతోషంగా ఉందో చూశావా?"

"చూశాను. అందుకే అడుగుతున్నాను."

భార్యకు కూడా తెలియని సంగతి ఒకటుంది. ఆ పాత అబద్ధం పక్కన ఈ కొత్తది చాలా చిన్నది.

మనిషి ఎక్కడ కన్నుమూస్తే ఆత్మ అక్కడే కూర్చుని ఉంటుంది, ఇంటివాళ్ళు వచ్చి పిలిచేదాకా. కొడుకు రేగుకొమ్మ పట్టుకుని వెళ్ళాలి. ఆ మంచం దగ్గర నిలబడి, కొమ్మ తాకించి, పద నాన్నా, ఇంటికి పోదాం అని నలుగురికీ వినపడేలా చెప్పాలి. తిరుగు దారిలో ఆ కొమ్మతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. వ్యాన్‌లో తండ్రికి వేరే సీటు పట్టాలి. రెండేళ్ళ కిందట, పట్నం ఆసుపత్రిలో తండ్రి పోయిన వారానికి, భేకు కొమ్మ పట్టుకుని వెళ్ళాడు. మగవాళ్ళ వార్డు, కిటికీ వైపు మూడో మంచం. గుమ్మం దాకా వెళ్ళాడు. చూడ్డానికి వచ్చేవాళ్ళ వేళ అది, వార్డు కిటకిటలాడుతోంది. ఆ మంచం మీద అప్పుడే ఇంకెవరో కూర్చుని గిన్నెలో జావ తాగుతున్నాడు. చేతిలో పుస్తకాలతో కుర్ర డాక్టర్లు గుంపుగా నిలబడి ఉన్నారు. పక్క మంచం దగ్గర బడిలో తనతో చదివినవాడొకడు సూటు వేసుకుని ఉన్నాడు. భేకు తన చేతిలోని ముళ్ళకొమ్మ చూసుకున్నాడు. అందరూ తిరిగి చూస్తారనిపించింది, నవ్వుతారనిపించింది. పది నిమిషాలు గోడవార నిలబడి, ఒక్క మాట పలకకుండా వెనక్కి తిరిగాడు. వ్యాన్‌లో రెండు సీట్లకు డబ్బులిచ్చాడు. పక్కన ఖాళీ సీటు, దాని మీద కొమ్మ. దారి పొడుగునా ఆచారం ప్రకారం ఎవరితోనూ మాట్లాడలేదు కూడా. గుమ్మంలో ఎదురొచ్చిన తల్లి "వచ్చారా?" అంది. "వచ్చారమ్మా," అన్నాడు.

మూడు నెలలు తిరక్కుండానే ఆవిడకి కల మొదలైంది. ఎత్తైన ఇనప మంచం. దాని అంచున మొగుడు కాళ్ళు వేలాడేసి కూర్చుని ఉంటాడు. ఒంటి మీద దుప్పటి లేదు. గుమ్మం వైపే చూస్తుంటాడు. వచ్చిన ప్రతిసారీ ఆవిడ కొడుక్కి ఫోన్ చేసి చెప్పేది, ఇంటికొచ్చిన మనిషి అక్కడెందుకు కనిపిస్తున్నారని అడిగేది. అతను ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు. కలేనమ్మా, నువ్వు దుప్పటి సరిగ్గా కప్పుకుని పడుకో.

ఇంబాలి వచ్చాక ఆ కల రావడం మానేసింది. దగ్గు తగ్గింది, ముఖం తేటపడింది. పొద్దున్నే పొడిపొడిగా వండిన మొక్కజొన్న పుట్టూ, పులిసిన పాలు తిన్నాక ఆవిడ పెట్టె ముందు పీట వేసుకునేది. ఆయనకని చిటికెడు ముక్కుపొడుం అద్దం పక్కన పెట్టేది. ఊరి కబుర్లన్నీ చెప్పేది. ఎర్రావు ఈనిందనీ, పక్కింటివాడు కంచె జరిపాడనీ, తను మాత్రం మాట పడలేదనీ. మధ్యలో రెండో పెట్టె వైపు తిరిగి, "మీకూ చెబుతున్నానత్తయ్యా, మళ్ళీ నాకెవరూ చెప్పలేదనకండి," అనేది. హ్లెంగివే నవ్వాపుకోలేక వంటగదిలోకి పారిపోయేది. భేకుకి నవ్వు రాలేదు. గేటు దగ్గర నిలబడ్డా, అన్నం ముందు కూర్చున్నా, తల్లి అద్దం ముందు చెయ్యి చాపి మాట్లాడే దృశ్యమే కళ్ళముందు ఆడేది. తన మీద తనకే అసహ్యం వేసేది.

జూలై చివర్లో అతను పాము కన్ను ఫొటో తీసి ఇల్సాకి పంపాడు. నిమిషంలో ఆవిడ ఫోన్ చేసింది.

"నాచు డబ్బా పెట్టావా?"

"ఏ డబ్బా మేడమ్?"

"పెట్టలేదు కదా. కంటి మీద పాత పొర అలాగే ఉండిపోయింది. కంటి జబ్బు కాదది, నీ నిర్వాకం. ఇప్పుడైనా పెట్టు, నాలుగైదు రోజుల్లో మెత్తబడి ఊడొస్తుంది. గోటితో గీకకు. అలాగే వదిలేస్తే వచ్చే కుబుసానికి ఇంకో పొర పేరుకుంటుంది. తర్వాత కన్ను పోతుంది."

మొక్కలు అమ్మే కొట్లో నాచు ప్యాకెట్ కొని ఇంటికి తెచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టేసరికి తల్లి ఫోన్‌లో మాట్లాడుతోంది, భేకు చిన్నాన్నతో. "ఆ కన్ను చూసి గుర్తుపట్టాను మరిదీ. ఇంకెవరికుంటుంది అలాంటి కన్ను? అందర్నీ తీసుకురా. ఆయన నడిచొచ్చినందుకు మేకనైనా కొయ్యాలి." ఆగస్టు రెండో శనివారం ఖాయం చేశారు.

భేకు ఆ ప్యాకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఇప్పుడు నాచు పెడితే కన్ను తెరుచుకుంటుంది. కన్ను తెరుచుకుంటే ఆయన మళ్ళీ అది అయిపోతుంది. చుట్టాలంతా వచ్చి చూసి పోయాక పెడదాం, నాలుగు రోజులు ఆలస్యమైతే ఏమవుతుంది అనుకున్నాడు. ప్యాకెట్ వెనక కొట్టంలో పాత టైరు కింద దాచాడు. పదకొండు రోజులు అది అక్కడే ఉంది.

ఆ పదకొండు రోజుల్లో పాము రెండోసారి కుబుసం విడిచింది. హీట్ మ్యాట్ వేడికి, ఆగస్టు గాలికి ఒంటి మీద తునకలు అక్కడక్కడా అంటుకుపోయాయి. ఎడమకన్ను మీద పొర దళసరెక్కి, చుట్టూ వాచింది. చిట్టెలుకను కరిగించి నోటిముందు పెట్టినా ముట్టలేదు. తలను పదేపదే మూకుడు అంచుకేసి రుద్దుకునేది. భేకు చూడలేక టీవీ పెట్టుకునేవాడు.

చుట్టాలు రావడానికి రెండు రోజుల ముందు అతను మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. హ్లెంగివే ఇంకా రాలేదు. తల్లి పెట్టె మూత తీసి, గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పెట్టుకుని, గుడ్డముక్క ముంచి పాము తల పక్కన అద్దుతోంది. ఆవిడ బుగ్గలు కూడా తడిగానే ఉన్నాయి.

"చలికాలమొస్తే ఆ కన్ను ఇలాగే వాచేది," అంది. "పొద్దున్నే గుడ్డ తడిపి అద్దేదాన్ని. నొప్పి అనేవారు కాదు. తల ఇలాగే గోడకేసి రుద్దుకునేవారు." గుడ్డ మళ్ళీ నీళ్ళలో ముంచింది. "చచ్చిపోతే ఒళ్ళు నొప్పులు పోతాయంటారు కదరా. మరి ఈయనకెందుకు పోలేదు? చచ్చాక కూడా ఆ కన్ను ఈయన్ని వదల్లేదెందుకు? మనం ఏం తప్పు చేశాం?"

భేకు యూనిఫాం టోపీ తీసి, తల్లి పక్కన నేల మీద కూలబడ్డాడు.

"అమ్మా, అది నాన్న కాదు."

ఆవిడ చెయ్యి నీళ్ళలో ఆగిపోయింది.

"పార్కులో పాము. రెండూ అక్కడివే, నేనే అడిగి తెచ్చుకున్నాను. కన్ను అలా అయింది కూడా నావల్లే. నాచు పెట్టమన్నారు, పెట్టలేదు. తర్వాత తెలిసి కూడా పెట్టలేదు. కన్ను బాగైతే నువ్వు..."

"గుర్తుపట్టనని."

"అవునమ్మా."

మాభెంగు గుడ్డముక్క పిండి, మడత పెట్టి, గిన్నె అంచు మీద ఆరేసింది. తర్వాత అడిగింది. "మరి ఆయనెక్కడున్నారు?"

ఈ ప్రశ్న వస్తుందని అతనికి తెలుసు. దీనికి భయపడే రెండేళ్ళుగా బతుకుతున్నాడు.

"ఆసుపత్రిలోనే ఉన్నారమ్మా. ఆ రోజు నేను పిలవలేదు. గుమ్మం దాకా వెళ్ళాను. లోపల జనం ఉన్నారు. నవ్వుతారేమోనని సిగ్గేసింది. ఉత్త కొమ్మే తెచ్చాను. నీ కల నిజమే."

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండుననుకున్నాడు. కిటికీలోంచి పడుతున్న ఎండ వైపు చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు అంది. "రెండు చలికాలాలు. ఆ ఇనప మంచం మీద. నేను చెబుతూనే ఉన్నాను నీకు."

"చెప్పావమ్మా."

"దుప్పటి నన్ను కప్పుకోమన్నావు."

భేకు తల నేలకు ఆనించి ఏడ్చాడు. చిన్నప్పుడు ఏడ్చినట్టు, ముక్కు కారేలా ఏడ్చాడు. ఆవిడ ఓదార్చలేదు. ఏడుపు సగంలో ఉండగానే లేచి నిలబడింది.

"ఆ నాచేదో ఎక్కడుందో తీసుకురా. మన గొడవలో దీని కన్నెందుకు పోవాలి?"

దీని, అంది. భేకు టైరు కింది నుంచి ప్యాకెట్ తెచ్చాడు. నాచు ఎంత తడపాలో అతనికి తెలియదు, చెరువులా చేశాడు. "ఇంత నీళ్ళేమిట్రా, మునిగి చస్తుంది," అని ఆవిడే లాక్కుని పిడికిలితో పిండి, వెన్న డబ్బాలో కూరి, మూతకు వేలంత కన్నం చేసి వెచ్చని వైపు పెట్టింది. పాము కాసేపు వాసన చూసి, తల దూర్చి, కొంచెం కొంచెంగా లోపలికి జారిపోయింది. నాలుగు రోజులకు రెండు పొరలూ కలిసి చేప పొలుసులా ఊడొచ్చాయి. కింద కన్ను నల్లగానే ఉంది కానీ ఒక మూల మసక మిగిలిపోయింది. ఇల్సా చూసి ఇక ఇది పోదంది. ఇప్పటికీ ఉంది.

నాచు పెట్టిన సాయంత్రమే మాభెంగు మరిదికి ఫోన్ చేసింది. కొడుకు నిర్వాకమంతా చెబుతుందని భేకు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. "శనివారం వద్దు మరిదీ," అంది ఆవిడ. "మావాడికి ఒక పని మిగిలిపోయింది. అది అయ్యాక పిలుస్తాను." అంతే అని పెట్టేసింది. హ్లెంగివే వచ్చాక సంగతంతా భేకే చెప్పాడు. ఆవిడ విని, పెట్టెల కొక్కేలు ఒక్కొక్కటీ సరిచూసింది. చివరికి, "పదకొండేళ్ళు నీ పక్కన పడుకున్నాను, నాకైనా చెప్పలేకపోయావా?" అని మాత్రం అంది.

మర్నాడు చూడ్డానికి వచ్చేవాళ్ళ వేళకు తల్లీకొడుకులు ఆసుపత్రి మెట్లెక్కారు. భేకు కొత్తగా నరికిన రేగుకొమ్మ పట్టుకున్నాడు, ముళ్ళు చొక్కా చేతికి తగులుకుంటున్నాయి. అదే వార్డు, అంతే జనం. రొట్టెల సంచులు, ఏడ్చే పిల్లలు, ఎవరి ఫోన్‌లోనో పాట. మాభెంగు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "పిలవాల్సింది నువ్వు," అంది.

కిటికీ వైపు మూడో మంచం మీద కాలికి కట్టు కట్టిన పెద్దాయన ఒకాయన పడుకుని ఉన్నాడు. పక్కన ఆయన కూతురు కాబోలు, నారింజ వలుస్తోంది. భేకు వాళ్ళ ముందు నిలబడ్డాడు. పెద్దాయన అతని ముఖం చూశాడు, చేతిలో కొమ్మ చూశాడు. ఏమీ అడగలేదు. కట్టు కట్టిన కాలిని రెండు చేతులా పట్టుకుని మెల్లగా పక్కకు జరుపుకుని, మంచం అంచున ఒక మనిషి కూర్చునేంత చోటు ఖాళీ చేశాడు. కూతురు నారింజ ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంది.

"ఖబజేలా," అన్నాడు భేకు. "నాన్నా. నేను, భేకుముజీని. ఆ రోజు ఆ గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయాను. నువ్వు చూసే ఉంటావు. తప్పు నాది. పద నాన్నా, అమ్మ బయట నిలబడింది. ఇంటికి పోదాం."

కొమ్మను దుప్పటి అంచుకు తాకించాడు. వార్డులో ఫోన్ పాట ఎవరో ఆపేశారు. పక్క మంచం దగ్గర నిలబడిన మనిషి టోపీ తీశాడు. పళ్ళేలు పట్టుకుని వస్తున్న నర్సు, దారి వదిలి గోడవార నిలబడింది. "వెళ్ళిరా పెద్దాయనా," అన్నారెవరో మెల్లగా, భేకుని కాదు.

ఒక్కరూ నవ్వలేదు. రెండేళ్ళ కిందట కూడా ఎవరూ నవ్వి ఉండేవాళ్ళు కాదు. తన ఆనాటి సిగ్గుకు సాకుగానైనా ఎవరైనా ఒక్కరు నవ్వితే బాగుండుననుకుంటూ, భేకు కొమ్మను రెండు చేతులా గుండెకు పట్టుకుని, గుమ్మంలో నిలబడ్డ తల్లి వైపు నడిచాడు.